రెండో ఆల్బమ్: హోరు నడుమ రాగం నిలబెట్టుడు ఎట్ల?

(హన్మకొండలో యువ మెటల్ బ్యాండ్ల కోసం పెట్టిన శిక్షణలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్తే. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది ఒళ్ళో గిటార్ సంచులున్నయి కాబట్టి నేరుగ పనిలోకే పోదాం. మెలోడిక్ బ్లాక్ మెటల్, అంటే వేగం, హోరు, అరుపుల నడుమ గిటార్ రాగం నడిచే మెటల్ సంగీతం, ఎక్కడ పుట్టింది, ఎవరు మొదలుపెట్టిన్రు అన్న చరిత్ర మీకు తెలుసు. ఈరోజు ఒక్క ఆల్బమ్ పట్టుకుందాం. స్వీడన్ బ్యాండ్ డిసెక్షన్ 1995లో తెచ్చిన రెండో ఆల్బమ్ 'స్టార్మ్ ఆఫ్ ద లైట్స్ బేన్'. రెండో ఆల్బమ్ దగ్గర బ్యాండ్లు ఎందుకు తడబడతయి, ఈ బ్యాండ్ ఎందుకు తడబడలేదు అన్నది దీంట్ల స్పష్టంగ వినపడతది.

ముందుగాల ఒక విషయం దాచకుండ చెప్పాలె. ఈ బ్యాండ్ నడిపిన యోన్ నోడ్ట్‌వేట్ 1997లో గోథెన్‌బర్గ్‌లో జరిగిన ఒక హత్య కేసులో దోషిగ తేలి జైలుకు పోయిండు, 2004లో బయటికొచ్చిండు, 2006లో చనిపోయిండు. ఆ హత్యలో పోయింది ఒక అమాయకుని ప్రాణం. దాన్ని బ్లాక్ మెటల్ ఘనత లెక్క చెప్పుకునేటోళ్ళు ఉన్నరు. అది తప్పు, నీచం కూడా. మనం ఇక్కడ తీసుకునేది గిటార్ పనిని, పాట కట్టిన తీరును. అంతవరకే.

ఇగ ఆల్బమ్‌కు వద్దాం. డిసెక్షన్ 1989లో స్ట్రోమ్‌స్టాడ్ అనే ఊర్లో మొదలైంది. మొదటి ఆల్బమ్ 'ద సోంబర్‌లేన్' 1993లో నో ఫ్యాషన్ అనే చిన్న లేబుల్ మీద వచ్చింది. రెండోది రెండేళ్ళకు న్యూక్లియర్ బ్లాస్ట్ మీద వచ్చింది. మధ్యలో గిటారిస్టు జాన్ జ్వెట్స్‌లూట్ పోయిండు, యోహాన్ నార్మన్ వచ్చిండు. బాస్ పీటర్ పామ్‌డాల్, డ్రమ్స్ ఓలే ఓమన్. లేబుల్ మారింది, మనిషి మారిండు. కానీ రెండు ఆల్బమ్‌లకు ఇంజనీర్ డాన్ స్వానోనే, స్టూడియో కూడా ఆయన యూనిసౌండే. అట్టల మీద బొమ్మ గీసింది కూడా రెండింటికీ క్రిస్టియన్ వోలిన్. రెండూ నీలి రంగే.

ఇంజనీరూ స్టూడియో అవే అయినప్పుడు రెండో దాంట్ల రాగం అంత తేటగ ఎట్ల వినపడుతున్నది? సామాన్ల వల్ల కాదు. పాట కట్టేటప్పుడే ఎవరు ఎక్కడ మోగాలె, ఎవరు ఎక్కడ ఊకోవాలె అన్నది తేల్చుకున్నరు. ఇయ్యాల నేను చెప్పదలుచుకున్నది కూడా అదే. హోరులో రాగం మునిగిపోతే దాన్ని మిక్సింగ్‌ల లేపుడు కష్టం. అది రిహార్సల్ రూమ్‌లోనే మునిగి ఉంటది.

పాటల పట్టిక చూడుండ్రి. మొదటి ఆల్బమ్‌లో 11 ట్రాకులు. అందులో మూడు చిన్న చిన్న అకూస్టిక్ గిటార్ ముక్కలు, పాటల నుంచి విడిగ పెట్టినవి. రెండో ఆల్బమ్‌లో మొత్తం 8 ట్రాకులు. మొదటిది గిటార్లతో నెమ్మదిగ నడిచే ఆరంభం, చివరిది ఒకటిన్నర నిమిషం పియానో. నడుమ ఆరు పాటలు. ఆ మూడు అకూస్టిక్ ముక్కల లాంటివి విడి ట్రాకులుగ లేవు, ఆ మెత్తదనం పాటల లోపలికి పోయింది. మొత్తం కలిపి 43 నిమిషాల చిల్లర. ఎల్‌పీ రికార్డుకు ఒక వైపు 22 నిమిషాలు దాటితే గాడులు దగ్గరదగ్గరగ చెక్కాల్సి వస్తది, శబ్దం తగ్గించాల్సి వస్తది. 43 నిమిషాలంటే రెండు వైపులా సరిగ్గ సరిపోయే కొలత. మీరు ఎల్‌పీ తేకపోవచ్చు, కానీ ఈ కొలత మంచిది. ఈ తరహా హోరును గంట సేపు శ్రద్ధగ వినుడు చెవికి చాతకాదు.

రెండో ఆల్బమ్ దగ్గర అసలు చిక్కు ఎక్కడంటే, మొదటి ఆల్బమ్ పాటలు బ్యాండ్ పుట్టిన నాటినుంచి వాయించి వాయించి అరిగినవి. జనం ముందు వాయించినప్పుడు ఏ భాగం దగ్గర తలలు ఊగినయో, ఏ భాగం దగ్గర ఫోన్లు తీసిన్రో మీకు తెలుసు. రెండో ఆల్బమ్ పాటలకు ఆ పరీక్ష ఉండదు. దాంతోటి ఏం చేస్తరంటే, నమ్మకం లేక ప్రతి పాటలో అన్నీ కూరుతరు. కీబోర్డు, మూడో గిటార్, వెనుక కోరస్, మధ్యలో వీణ ముక్క. మొదటి ఆల్బమ్ కంటే పెద్దగ ఉండాలె అన్న ఆరాటం అది. అన్నీ పొరలు పొరలుగ పెట్టి గెలిచినవాళ్ళు లేరని కాదు. నార్వే బ్యాండ్ ఎంపరర్ రెండో ఆల్బమ్ 1997లో వచ్చింది, బెర్గెన్‌లోని గ్రీగ్‌హాలెన్‌లో రికార్డు చేసిన్రు. కీబోర్డులు, గిటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడ అది. కానీ దానికి ఆర్కెస్ట్రా కూర్పు తెలిసిన బుర్ర కావాలె. మనకు ముందు రెండు గిటార్లు, ఒక బాస్, ఒక డ్రమ్ సెట్టుతోటి రాగం నిలబెట్టుడు రావాలె.

రాగం అంటున్న కదా, అక్కడి నుంచే మొదలుపెడుదాం. ఈ సంగీతంలో ఎక్కువ వినపడేవి నేచురల్ మైనర్, హార్మోనిక్ మైనర్ స్కేళ్ళు. మీలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఇవి కొత్తవి కావు. నేచురల్ మైనర్ 20వ మేళకర్త నఠభైరవి. హార్మోనిక్ మైనర్ 21వది, కీరవాణి. రెండింటికీ తేడా నిషాదం ఒక్కటే. నఠభైరవిలో కైశికి, కీరవాణిలో దానికంటే అర్ధస్వరం పైనుండే కాకలి. డి నుంచి మొదలుపెడితే కీరవాణి స్వరాలు డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి ఫ్లాట్, సి షార్ప్. ఆ బి ఫ్లాట్‌కు, సి షార్ప్‌కు మధ్య మూడు అర్ధస్వరాల దూకుడు ఉన్నది చూడుండ్రి, ఆ దిగులూ ఆ పదునూ అక్కడి నుంచే వస్తయి. రిఫ్ (మళ్ళమళ్ళ వచ్చే గిటార్ ముక్క) మొత్తం ఆ దూకుడు మీదనే తిప్పితే సినిమా పాములవాని పాట లెక్క అయితది. రిఫ్‌ను నఠభైరవిలో నడిపి, నాలుగో బారులో (బారు అంటే తాళం ఒక ఆవృత్తం) మళ్ళ మొదటి స్వరానికి వచ్చే ముందు ఒక్కసారి సి షార్ప్ తగిలించుండ్రి. దెబ్బ అక్కడ పడతది.

ఇప్పుడు రెండు గిటార్ల హార్మొనీ. జర ఓపికగ వినుండ్రి, మన బ్యాండ్లలో నూటికి తొంభై తప్పులు ఇక్కడనే జరుగుతున్నయి. ఒక గిటార్ రాగం వాయిస్తది, రెండోది అదే రాగాన్ని స్కేల్‌లో మూడో స్వరం మీద వాయిస్తది. డి వచ్చినప్పుడు ఎఫ్, ఇ వచ్చినప్పుడు జి, ఎఫ్ వచ్చినప్పుడు ఎ. దూరం లెక్కపెట్టుండ్రి. డి నుంచి ఎఫ్ మూడు అర్ధస్వరాలు, ఎఫ్ నుంచి ఎ నాలుగు. అంటే దూరం మారుతనే ఉంటది. కొందరు పెడల్‌లో హార్మొనైజర్ (వాయించిన స్వరానికి ఇంకో స్వరం జోడించే ఎఫెక్ట్) పెట్టి, ప్లస్ త్రీ అని, అంటే ఎప్పుడూ మూడు అర్ధస్వరాలని, ఒకే దూరం బిగిస్తరు. అప్పుడు ఎఫ్ మీద ఎ ఫ్లాట్ వస్తది, ఎ మీద సి వస్తది. ఎ ఫ్లాట్ ఆ స్కేల్‌లోనే లేదు, సి ఏమో కీరవాణి సి షార్ప్‌ను చంపుతది. వినేటోనికి కారణం తెలవదు, కానీ ఏదో శ్రుతి తప్పిందని మొఖం పెడతడు. హార్మొనైజర్ వాడాలనుకుంటే స్కేల్‌నూ, కీని అడిగే రకం వాడుండ్రి. అంతకంటే మంచిది, రెండో మనిషి కూర్చొని నేర్చుకొని వాయించుడు.

ఇంకో తప్పు దీనికంటే పెద్దది. రెండు స్వరాల్నీ ఒకే గిటార్ మీద, ఒకే డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) గుండా వాయిస్తరు. ఏమైతదో అంకెల్లో చూడుండ్రి. నడిమి డి సుమారు 293.7 హెర్ట్జ్. దాని మీది ఎఫ్ 349.2. డిస్టార్షన్‌కు ఒక గుణం ఉన్నది. రెండు స్వరాలు కలిసి పోతే వాటి తేడా, వాటి మొత్తం అన్నీ కొత్త శబ్దాలుగ పుడతయి. ఇక్కడ తేడా 55.5 హెర్ట్జ్. అది డి మైనర్ కార్డ్‌కు పునాది కాదు, ఎ స్వరం దగ్గరి గురగుర. పైగా సరిగ్గ కిక్ డ్రమ్మూ బాస్ గిటారూ ఉండే చోట పడతది. దాంతోటి మొత్తం బురద అయితది. అదే పవర్ కార్డ్, అంటే పునాది స్వరమూ దాని ఐదో స్వరమూ కలిపి వాయించుడు, తీసుకోండ్రి. డి 293.7, ఎ 440. తేడా 146.3, అంటే సుమారుగ కింది డి. పునాది స్వరమే ఇంకా బలపడతది. అందుకే డిస్టార్షన్‌లో పవర్ కార్డ్ గట్టిగ నిలబడతది, మూడో స్వరం చిట్లుతది. మందు ఏందంటే, ఆ రెండు స్వరాలను విడదీసి ఒక్కో గిటార్‌కు ఒక్కో స్వరం ఇచ్చుడు. ఎవరి ఆంప్ వాళ్ళది, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. అప్పుడు ఆ తేడా శబ్దం పుట్టనే పుట్టదు. డిసెక్షన్ ఆల్బమ్‌ను హెడ్‌ఫోన్ పెట్టుకొని ఒక్కో చెవి వినుండ్రి. రెండు గిటార్లు వేరువేరు మాటలు చెప్తుంటయి, రెండు చెవులు కలిపితే పాట అయితది.

ట్రెమొలో పికింగ్, అంటే ఒకే స్వరాన్ని పిక్‌తోటి కిందికీ పైకీ ఆగకుండ కొట్టుడు గురించి. 180 టెంపోలో (నిమిషానికి 180 దెబ్బలు) పదహారో వంతు స్వరాలంటే, దెబ్బకు నాలుగు చొప్పున, సెకనుకు 12 కొట్లు. చెయ్యి మోచేతి నుంచి బిగిస్తే రెండు నిమిషాలకు కండరం పట్టేస్తది, కొట్లు ఎగుడుదిగుడు అయితయి. మణికట్టు నుంచి రావాలె. పిక్ 1 మిల్లీమీటర్ కంటే మందం ఉండాలె, తీగకు అడ్డంగ కాకుండ కొంచెం వాల్చి పట్టాలె, తీగ మీద పిక్ మొన రెండు మిల్లీమీటర్లకంటే లోపలికి పోవద్దు. మెట్రోనోమ్ పెట్టి 120 దగ్గర మొదలుపెట్టుండ్రి. శుభ్రంగ వచ్చినంకనే నాలుగు పాయింట్లు పెంచుండ్రి. డిస్టార్షన్ తీసేసి క్లీన్ టోన్‌లో సాధన చెయ్యాలె, ఎందుకంటే గెయిన్ (డిస్టార్షన్‌ను పెంచే మీట) అన్ని తప్పుల్నీ కప్పేస్తది.

తీగలు. ఒక స్వరం దించి డి స్టాండర్డ్‌లో వాయించేటోళ్ళు 10-46 సెట్టు (సన్న తీగ, మందం తీగ కొలత, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేస్తే కింది తీగ వదులై గట్టిగ కొట్టినప్పుడు శ్రుతి పైకి లేస్తది. 11-54 గానీ 10-52 గానీ వెయ్యుండ్రి. తీగ మందం మార్చినంక ఇంటొనేషన్ (మెడ పొడుగునా శ్రుతి సరిగ్గ ఉండుడు) మళ్ళ చూడాలె. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్, నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకే అంకె చూపాలె. మన వరంగల్ వాతావరణం గిటార్ మెడకు మంచిది కాదు. మే నెలలో గాలి ఎండిపోయి మెడ ఒక తీరు వంగుతది, జులైలో వానలు పడంగనే ఇంకో తీరు. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య పావు మిల్లీమీటర్ సందు చూసుకోవాలె. ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) ఒక్కసారి పావు తిప్పు కంటే ఎక్కువ తిప్పొద్దు, తిప్పినంక కొన్ని గంటలు వదిలి మళ్ళ చూడాలె. వానాకాలం రికార్డింగ్ పెట్టుకుంటే తీగలు తొందరగ తుప్పు పడతయి, వాయించినంక ప్రతిసారి పొడి బట్టతోటి తుడవాలె.

గెయిన్ విషయంలో ఎవ్వరూ మాట వినరు. స్టేజీ మీద పెట్టుకునే గెయిన్ కంటే రికార్డింగ్‌లో మూడో వంతు తగ్గించుండ్రి. హార్మొనీ లేని చోట ఒక్కో గిటార్ భాగాన్ని రెండు సార్లు వాయించి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పెడతం కదా, ఆ రెండు కలిసినప్పుడు మందం దానంతటదే వస్తది. రెండో సారి నిజంగ వాయించాలె. మొదటి దాన్ని కాపీ చేసి అటు పెడితే అది స్టీరియో కాదు, మధ్యలో ఒకటే గట్టి గిటార్ వినపడతది. కాపీని కొన్ని మిల్లీసెకన్లు జరిపితే వెడల్పు వస్తది కానీ, ఫోన్ స్పీకర్‌లో రెండూ కలిసినప్పుడు కొన్ని స్వరాలు మాయమైతయి. నాలుగు సార్లు వాయించి పేర్చుడు కూడా ఈ సంగీతానికి పనికిరాదు. సెకనుకు 12 కొట్లు నలుగురు చేతులతోటి పడితే అంచులన్నీ అరిగిపోతయి. ప్రతి భాగానికీ ఆంప్ లేకుండ వచ్చే పొడి సిగ్నల్ ఒకటి వేరే ట్రాకులో దాచుకోవాలె. పీకులు (శబ్దం ఎగిరే గరిష్ఠ ఎత్తులు) మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉంటే చాలు. టోన్ నచ్చకపోతే మళ్ళ వాయించకుండనే ఆంప్ మార్చుకోవచ్చు.

ఆంప్ మీద మిడ్ తీసేసి బాస్, ట్రెబుల్ పెంచుడు ఇంట్లో ఒక్కలే వాయించుకుంటే బాగుంటది. బ్యాండ్‌లో వింటే గిటార్ కనపడకుండ పోతది. రాగం ఉండేది 500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్యల. దాన్ని మీ చేతులతోనే తీసేసి, తర్వాత మిక్సింగ్ చేసేటాయన్ని గిటార్ వినపడతలేదని అడిగితే ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తడు? గిటార్‌కు 90 హెర్ట్జ్ కింద కోసెయ్యుండ్రి, ఆ జాగ బాస్‌ది. బాస్ గిటార్ ఆ హార్మొనీ వెంట ఉరకొద్దు. పునాది స్వరం మీద నిలబడాలె. రెండు గిటార్లు పైకి పోయినప్పుడు కిందికి ఎవరో ఒకరు ఉండాలె కదా.

ఇగ డ్రమ్స్. మీ బ్యాండ్‌లో రాగాన్ని చంపేది ఎక్కువసార్లు డ్రమ్మరే. అది ఆయన తప్పు కాదు, అట్ల కొట్టాలని అందరూ అనుకుంటరు. బ్లాస్ట్ బీట్ (కిక్, స్నేర్, సింబల్ అతి వేగంగ కొట్టే దరువు) మీద క్రాష్ సింబల్ కంటిన్యూగ కొడితే దాని బుస మూడు వేల హెర్ట్జ్ నుంచి పైకి మొత్తం పరుచుకుంటది. ట్రెమొలో గిటార్‌కు పదును ఇచ్చే పిక్ శబ్దం కూడా అక్కడనే ఉంటది. క్రాష్ వదిలి రైడ్ మీదికో, మూసిన హై హ్యాట్ మీదికో రండ్రి. గిటార్ మారకుండనే రాగం బయటికొస్తది. కిక్ లెక్క ఇది. 200 టెంపోలో పదహారో వంతు డబుల్ కిక్ అంటే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ 75 మిల్లీసెకన్లు. కిక్ తోక అంతకంటే పొడుగుంటే దెబ్బలు కలిసిపోయి ఒకటే మోత అయితది. కిక్ లోపల దిండు గానీ దుప్పటి గానీ పెట్టి తోక కోయాలె, బీటర్ తలకు గట్టి ప్లాస్టిక్ వైపు వాడాలె. మూడు నుంచి ఐదు వేల హెర్ట్జ్ దగ్గర టిక్ అనే శబ్దం వస్తేనే ఆ వేగంలో దెబ్బ లెక్కకొస్తది.

మన ఒగ్గు కథ వినుండ్రి. ప్రధాన కథకుడు మాట ఎత్తుకున్నప్పుడు డోలు తగ్గుతది, ఆయన ఆపంగనే డోలు లేస్తది. అంత హోరులో కూడా ఒక్క మాట పోదు. మీ పాటలో గొంతూ, గిటార్ రాగం, డ్రమ్ ఫిల్ మూడూ ఒకే బారులో పోటీ పడుతున్నయా అని చూసుకోవాలె. పడుతుంటే ఇద్దరిని కూర్చోబెట్టుండ్రి. గొంతు వచ్చే బారులో రెండో గిటార్ హార్మొనీ ఆపి, గొంతు ఆగిన బారులో మొదలుపెడితే అదే రాగం రెండింతలు పెద్దగ వినపడతది.

టెంపో గురించి చిన్న మాట. ఆల్బమ్ మొత్తం 200 మీద ఉరికిస్తే మూడో పాటకు చెవి మొద్దుబారుతది. డిసెక్షన్ ఆల్బమ్‌లో నాలుగో ట్రాక్ 'వేర్ డెడ్ ఏంజెల్స్ లై' నెమ్మది పాట. ఆల్బమ్ నడుమ దాన్ని పెట్టుడు వల్ల దాని ముందూ వెనుకా ఉన్న వేగం వేగం లెక్క అనిపిస్తది. క్లిక్ ట్రాక్ పెట్టి వాయించేటప్పుడు పాటంతా ఒకే అంకె పెట్టొద్దు. బ్లాస్ట్ భాగం 190, సగం వేగం భాగం 95 కాకుండ 92 పెడితే పాట ఊపిరి తీసుకున్నట్టుంటది. ఆ అంకెలు రిహార్సల్‌లోనే ఖాయం చేసుకొని కాగితం మీద రాసుకొని స్టూడియోకు పోవాలె.

అకూస్టిక్ భాగాలు చాలామంది చివరి రోజు, ఉరుకులాటలో రికార్డు చేస్తరు. అక్కడ వచ్చే చిక్కులన్నీ మన ఊరి చిక్కులే. కండెన్సర్ మైకును పన్నెండో ఫ్రెట్ ఎదురుగ ఒక అడుగు దూరంలో పెట్టాలె, గిటార్ రంధ్రం ముందు పెడితే గుమ్మనే మోతనే వినపడతది. ఫ్యాను బంద్, ఏసీ బంద్, ఫ్రిజ్ బంద్. పక్కింటి బోరు మోటరు ఎప్పుడేస్తరో అడిగి తెలుసుకోవాలె. హంటర్ రోడ్డు దిక్కు, ఫంక్షన్ హాళ్ళ పక్కన ఉన్న రూముల్లో పెళ్ళి ముహూర్తాలున్న రోజులు అకూస్టిక్ పెట్టుకోవద్దు, డీజే బాస్ గోడ దాటి మైకులోకి వస్తది. పంచాంగం చూసి స్టూడియో బుక్ చేసుకోవాలె. తీగలు కొత్తవి వేసి, ఒక రోజు ముందే సాగదీసి ఉంచాలె.

కరెంటు. గిటార్‌లో జుమ్మని 50 హెర్ట్జ్ మోత వస్తే ముందు ఎర్తింగ్ చూపించుండ్రి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించాలె, రెండు మూడు వోల్టుల కంటే ఎక్కువుంటే ఎర్త్‌లోనో న్యూట్రల్ వైరింగ్‌లోనో తేడా ఉండొచ్చు, చూపించుకోవాలె. మోత పోతదని ఎర్త్ పిన్ను పీకేసేటోళ్ళున్నరు. గిటార్ తీగల మీద చెయ్యి, పెదవుల దగ్గర మైకు, ఈ రెంటి మధ్యల ఎర్త్ లేకపోతే షాక్ కొట్టి మనిషి పోతడు. ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు. ఇన్వర్టర్ మీద రికార్డింగ్ చేసేటట్టయితే అది ప్యూర్ సైన్ వేవ్ రకం కావాలె. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కరెంటులో పై హార్మోనిక్‌లు చాలా ఉంటయి, హై గెయిన్ ఆంప్ వాటన్నింటినీ పెద్దగ చేసి బర్రుమని చూపిస్తది. లాప్‌టాప్ ఛార్జర్ వల్ల వచ్చే ఈల మోత అయితే, టేక్ జరిగేటప్పుడు ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే పోతది.

గొంతు. ఇక్కడ తెలుగులో రాసేటోళ్ళున్నరని తెలిసింది, సంతోషం. నార్వేలో సొగ్న్‌డాల్ నుంచి వచ్చిన విండిర్ బ్యాండ్ రెండో ఆల్బమ్ 'ఆర్న్‌టోర్' 1999లో వచ్చింది. దాన్ని వాల్ఫార్ తన ప్రాంతం సొగ్న్ యాసలో రాసిండు. అక్కడి రాజధాని భాషలో రాయలేదు. వినేటోళ్ళకు భాష రాకున్నా ఆ పాటలకు ఒక ఊరున్నదని తెలుస్తది. మన యాసలో రాస్తే ఏమైతది అని భయపడేది లేదు. కానీ అరుపుకు తగ్గట్టు రాసుడు వేరే విద్య. తెలుగు మాటలు ఎక్కువగ అచ్చుతోటి ముగుస్తయి, అది మనకు వరం. అరుపు సాగదీయాలంటే నోరు తెరిచి ఉండాలె, ఆ, ఏ, ఓ ఉన్నచోట అరుపు నిండుగ వస్తది. ఇ, ఉ దగ్గర నోరు సన్నబడి అరుపు పిల్లగొంతు అయితది. మాట చివర సున్న ఉన్న చోట పెదవులు మూసుకుపోతయి, శబ్దమంతా ముక్కులోకి పోయి అరుపు ఆరిపోతది. 'కాలం' అని పాదం ముగించి దాన్ని నాలుగు బారులు సాగదీద్దామనుకుంటే కుదరదు. అదే పాదాన్ని 'కాలమా' అనో 'కాలంలో' అనో తిప్పి రాసుకుంటే కుదురుతది. ఒత్తులు వరుసగ వచ్చే మాటలు 180 టెంపోలో నాలుక తిరగవు. క, ట, చ లాంటి గట్టి హల్లులు బారు మొదటి దెబ్బ మీద పడేటట్టు పెట్టుకుంటే మాట అర్థమైతది.

అరుపు గొంతులో నొప్పి పుట్టించొద్దు. నొప్పి వస్తుందంటే తప్పు పద్ధతిలో చేస్తున్నట్టే, ఆ రోజు ఆపెయ్యాలె. గోరువెచ్చని నీళ్ళు దగ్గర పెట్టుకోవాలె, ఒక్క పూటలో రెండు గంటలకు మించొద్దు. మైకు తలను అరచేతిలో మూసి పట్టుకుంటే స్టేజీ మీద స్టైలుగ ఉంటది, రికార్డింగ్‌లో మాత్రం డబ్బాలోంచి మాట్లాడినట్టు వస్తది. రివర్బ్ (గుయ్యిమనే ప్రతిధ్వని) వేసేటప్పుడు ప్రీ డిలే, అంటే అది మొదలయ్యే ముందు ఆగే సమయం, 60 నుంచి 80 మిల్లీసెకన్లు పెడితే మాట ముందు, గుయ్యిమనుడు వెనుక నిలుస్తయి.

అట్ట బొమ్మ గురించి అడుగుతరని తెలుసు. వోలిన్ గీసిన బొమ్మలో గుర్రం మీద మృత్యువు, చుట్టూ మంచు. అది వాళ్ళ నేల. మనం మంచు గీసుకుంటే అప్పు తెచ్చుకున్నట్టుంటది. ఖిలా వరంగల్‌లో కాకతీయ తోరణాల మధ్య పడి ఉన్న నల్లరాళ్ళు, సింగరేణి బొగ్గు బావులు, మే నెల ఎండలో పగిలిన చెరువు మట్టి ఉన్నయి. చల్లదనం లేకున్నా కటువుదనానికి కొదువలేదు.

చివరగ మాస్టరింగ్, అంటే మిక్సింగ్ అయినంక పాటను విడుదలకు సిద్ధం చేసుడు. ట్రెమొలో గిటార్ సిగ్నల్ ఎప్పుడూ ఒకే మట్టంలో నిండుగ ఉంటది, దానికి పీకులు పెద్దగ ఉండవు. పీకులు ఉండేది స్నేర్‌కు, కిక్‌కు. అందుకే లిమిటర్‌ను (పీకులు దాటకుండ అణిచే పరికరం) గట్టిగ తొక్కితే మొదట చచ్చేది స్నేర్. మీరు ఎంత గట్టిగ చేసినా స్పాటిఫై లాంటివి సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి తెలిసే గట్టిదనాన్ని కొలిచే లెక్క) దగ్గరికి దించుతయి. దించినంక మీ దగ్గర మిగిలేది తొక్కుడుపడ్డ స్నేర్ మాత్రమే. మైనస్ 10 దగ్గర ఆపుండ్రి, ట్రూ పీక్ మైనస్ 1 డెసిబెల్ ఉంచుండ్రి. కారులో, ఫోన్‌లో, చవక ఇయర్‌ఫోన్‌లో వినుండ్రి. మూడింట్లో కూడా మొదటి గిటార్ రాగాన్ని మీరు పాడుకోగలిగితే మాస్టర్ పంపొచ్చు. పాడుకోలేకపోతే మాస్టరింగ్‌ను అంటుకోకుండ, ఆ పాట డ్రమ్ ట్రాకులోకి పోయి సింబళ్ళు వినుండ్రి.

ఇగ మీ డెమోలు తీయుండ్రి. ఒక్కో బ్యాండ్ ఒక్క పాట. గిటార్ ట్రాకులు విడివిడిగ తెచ్చినవాళ్ళు ముందు రండ్రి, ఎడమ చెవి గిటార్‌తోటి మొదలుపెడుదాం.